నీటితో పాటు కదిలిన ఊళ్ళు

కొల్లేరుకు ఒడ్డు ఎక్కడ అని మా చిన్నతనంలో ఎవరైనా అడిగితే, "ఏ నెలలో?" అని ఎదురు అడిగేవాళ్ళు. ఆషాఢంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఎర్రనీళ్ళు మోసుకొచ్చేదాకా ఒడ్డు ఒకచోట. భాద్రపదానికి మైళ్ళ అవతల ఇంకోచోట. మాఘం వచ్చేసరికి మళ్ళీ లోపలికి. కొలతలు తీసిన ఇంజనీర్ల లెక్కలు కూడా ఇదే చెబుతాయి. సముద్రమట్టానికి 3 అడుగుల ఎత్తు వరకు నీళ్ళు నిలిస్తే సరస్సు విస్తీర్ణం దాదాపు 135 చదరపు కిలోమీటర్లు. 5 అడుగులకు 308. 10 అడుగులకు 901. అంటే మనిషి నడుము నుంచి తలమీదికి నీరు పెరిగేలోపు సరస్సు ఆరేడు రెట్లు అవుతుంది. అంత చదునైన నేల అది. కృష్ణ ఒకవైపు, గోదావరి ఒకవైపు వేల ఏళ్ళుగా ఒండ్రు పోసుకుంటూ సముద్రంలోకి జరిగాయి. ఆ రెండు డెల్టాల మధ్య పూడకుండా మిగిలిన పళ్ళెం కొల్లేరు. అందులోకి నీళ్ళు తెచ్చే ఏళ్ళు, కాలవలు, డ్రెయిన్ల పేర్లు చెప్పుకుంటూ పోతే కొల్లేటి చాంతాడే. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటి, ఉప్పుటేరు. వంకర్లు తిరుగుతూ అరవై కిలోమీటర్ల దాకా పోయి సముద్రంలో పడుతుంది.

ఆ ఉప్పుటేరు మనుషులు తవ్విందేనని లంకల్లో కథ చెప్పేవాళ్ళు. కొల్లేటికోటలో గజపతుల కోట ఉండేదట. శత్రుసేన వచ్చి చిగురుకోట దగ్గర దిగింది. కోట చుట్టూ నీరే కాపలా. ఆ నీటిని సముద్రంలోకి తోడేసి కోటను పట్టుకోవాలని శత్రువులు కాలవ తవ్వించారట. అది పారాలంటే బలి కావాలన్నారట. చివరికి ఒక ఆడకూతురు బలయిందనీ, అందుకే అక్కడ పేరంటాల కనుమ అన్న పేరు నిలిచిందనీ ముగించేవాళ్ళు. పాత గెజెటీర్లలోనూ ఈ కథ ఉంది. నిజానిజాలు ఎలా ఉన్నా, కొల్లేటి నీటిని కదిలించాలని చూసినవాడు మూల్యం చెల్లించక తప్పదన్న భయం ఆ కథలో ఉంది. పిల్లలుగా మాకు అంటింది ఆ భయమే.

మా నాన్న ఏలూరు జూట్ మిల్లులో పనిచేసేవారు. అమ్మ పుట్టిల్లు కొల్లేటి లంకల్లో. సెలవులు ఇస్తే మా ప్రయాణం అటే. వానాకాలమైతే రోడ్డు ముగిసిన చోట మావయ్య దోనె వేసుకొచ్చి నిలబడేవాడు. రెండు తాటిమొదళ్ళు తొలిచి పక్కపక్కన కట్టిన దోనె అది. దానికి తెడ్డు ఉండదు, గెడే. కిక్కిస మధ్యలో దోనె పట్టేంత సందు ఎక్కడుందో మావయ్యకు కళ్ళు మూసుకున్నా తెలుసు. కొత్తవాడికి ఎటు చూసినా నిలువెత్తు గడ్డి గోడే. "అబ్బాయ్, చెయ్యి బయట పెట్టకు, కిక్కిస ఆకు కోస్తుంది" అనేవాడు. నేను పెట్టేవాణ్ణి, అది కోసేది.

వానలు ముదిరాక లంక మీద ఇళ్ళు మాత్రమే తేలి ఉండేవి. లంకదిబ్బ మరీ పెద్దదేం కాదు. ఇళ్ళు ఒకదానికొకటి భుజాలు రాసుకుంటూ ఉండేవి. పశువుల్ని ఎత్తయిన చోటికి తోలేవాళ్ళు. పెళ్ళి సంబంధాలు, చావు కబుర్లు, ఉప్పూ పప్పూ అన్నీ దోనెల మీదే. తాగడానికీ కొల్లేటి నీళ్ళే. బిందెలో పట్టి, గుడ్డతో వడగట్టి, ఇండుపగింజ అరగదీసి కలిపితే తెల్లారేసరికి తేటపడేవి. మా అమ్మమ్మకు ఏలూరు కుళాయి నీళ్ళు రుచించేవి కావు. మందు వాసనని మొహం తిప్పుకునేది.

చేపల సంగతి చెప్పాలంటే, అప్పట్లో అక్కడ ఎవరూ చేపల్ని పెంచలేదు. వాటి దారి తెలుసుకుని పట్టేవాళ్ళు. ఏటినీళ్ళు దిగేటప్పుడు జెల్లలు ఎదురెక్కుతాయి. నీరు తీస్తున్నప్పుడు పరిగెలు, మట్టగిడసలు కాలవమూతుల వైపు కదులుతాయి. బురద మిగిలిన గుంటల్లో కొర్రమేను దాక్కుంటుంది. ఒక్కోదానికి ఒక్కో పనిముట్టు. వెదురు పుల్లలతో అల్లిన మావులు పారే నీటికి అడ్డంగా పెట్టేవాళ్ళు. లోతు తక్కువ నీళ్ళలో ఊతలు వేసి, పైనుంచి చెయ్యి పెట్టి చేపను తడిమి తీసేవాళ్ళు. విసురువలలు, గాలాలు సరేసరి. సందు మరీ ఇరుకుగా అల్లిన మావును ఊరి పెద్దలు ఒప్పుకునేవారు కాదు. చేపపిల్ల తప్పించుకుని పోవాలి. అదే కట్టుబాటు. కాలవమూతిలో మావులు పెట్టే చోటును ఏటా వేలం వేసేవాళ్ళు, వచ్చిన డబ్బు రామాలయానికి. వేలం పాడుకున్నవాడిది ఆ ఏటికి ఆ చోటే తప్ప, నీళ్ళు అతనివి కావు. ఆ చోట్ల మీద తగాదాలు వస్తే వడ్డి కులపు పెద్దలు కూర్చుని తీర్చేవాళ్ళు, వాటిలో ఒక్కటీ ఏలూరు కోర్టు మెట్లు ఎక్కగా నేను చూడలేదు.

కార్తీకం దాటాక పక్షులు దిగేవి. పరజలు, నామాలకోళ్ళు, నత్తగొట్టు కొంగలు, గూడబాతులు, పేరు తెలియనివి వందలూ వేలూ. కొన్ని ఇక్కడివి, కొన్ని హిమాలయాల అవతలి నుంచి వచ్చేవి. పక్షుల్ని ప్రేమించడమే తప్ప చంపడం తెలియని కాలం అదని చెబితే అబద్ధం అవుతుంది. రాత్రిళ్ళు వలలు కట్టేవాళ్ళు ఉన్నారు, ఏలూరు బజారులో నీటికోళ్ళను కాళ్ళు కట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు, తుపాకులతో దోనె ఎక్కే దొరలూ షావుకార్లూ ఉన్నారు. అయినా పిట్ట తగ్గలేదు. దానికి కావలసిన నీరూ, కిక్కిసా, చేపా, నత్తా తగ్గలేదు కనుక.

పక్షి కథలో తాడేపల్లిగూడేనికి దక్షిణాన ఉన్న పల్లెలకు వేరే పేజీ ఉంది. ఉండి దగ్గర ఆరేడు, కొలమూరు ఊళ్ళలో గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టుకునేవి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు ఆ సంగతి గమనించి, తర్వాత బొంబాయి సహజ చరిత్ర సంఘం పత్రికలో రాశారు. ఇందుచూడన్ పేరుతో మలయాళంలో పక్షుల పుస్తకాలు రాసింది ఆయనే. ఆ గూళ్ళ సంగతి లోకానికి తెలిసింది అలా. ఆ పక్షులు అడవిలో కాదు, ఊళ్ళో, మనుషుల నెత్తి మీద కాపురం చేశాయి. మేత కోసం కొల్లేటికి పోయి, గొంతుసంచి నిండా చేపతో తిరిగి వచ్చేవి. చెట్టు కింద రాలిన రెట్ట చేలకు మంచి ఎరువని రైతులు వాటిని కదపనిచ్చేవారు కాదు. తర్వాత కొద్ది దశాబ్దాల్లోనే ఆ గూళ్ళు ఖాళీ అయిపోయాయి. గూడబాతు పేరు చెబితే జనం అప్పటి నెల్లూరు జిల్లాలోని నేలపట్టు వైపు చూడడం మొదలైంది.

అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్నది ఎండాకాలపు మకాం. పుష్యమాసం నుంచి నీరు వెనక్కి తీస్తుంటే, దాని వెంటే మనుషులు లోపలికి దిగేవాళ్ళు. తేలిన నేలలో దాళ్వా నాట్లు పడేవి. ఎరువు అక్కర్లేదు, ఏరు తెచ్చిన ఒండ్రే ఎరువు. కిక్కిస కోసి, వెదురు వంచి, సరస్సు మధ్యలోనే పాకలు వేసుకునేవాళ్ళు. నిన్న దోనె నడిచిన చోట ఇవాళ పొయ్యి. ఆరుబయట నులక మంచాలు, రాత్రంతా చుట్టూ కప్పలు, దూరంగా ఇంకొకరి మకాం లాంతరు. ఆ మూడు నాలుగు నెలలూ కొల్లేటి నడిబొడ్డు ఒక పెద్ద విడిదిగా ఉండేది. మెట్ట ఊళ్ళ నుంచి గేదెల మందలు మేతకు వచ్చేవి. నెల్లూరు వైపు నుంచి బాతులవాళ్ళు వేల బాతుల్ని తోలుకుంటూ వచ్చి, కోసిన మళ్ళలో రాలిన గింజ మీద వాటిని వదిలేవాళ్ళు. బాతులు మడిని శుభ్రం చేసి ఎరువు వేసి పోయేవి. బాతులవాళ్ళు గుడ్లు ఇచ్చి బియ్యం పట్టుకుపోయేవాళ్ళు. వైశాఖంలో కుప్ప నూర్చి, వడ్లు బస్తాలకెత్తి, పాకల వెదుళ్ళు ఊడదీసుకుని అందరూ బయటికి. జ్యేష్ఠం చివర్లో మబ్బు వేస్తే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్కోసారి వాన ముందే వచ్చి, కోయని చేను నీటిపాలయ్యేది. అప్పుడు మావయ్య తిట్టేవాడు, వాననే తప్ప నీటిని కాదు. "దాని చోటు అది తీసుకుంది. మనమే ఆలస్యం" అనేవాడు.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. పాడ్యమి నుంచి పున్నమి దాకా. పడవల్లో, బండ్లలో, నడిచి, తడిసిన పంచెలతో జనం. కొల్లేటి రైతూ, చేపల వేటగాడూ, కైకలూరు వర్తకుడూ ఒకే మట్టి మీద చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళు. జలదుర్గకు, గోకర్ణేశ్వరుడికి పెళ్ళి చేసేవాళ్ళు. మొక్కులు తీర్చి, పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించి, వచ్చే ఏడు చేప బాగా పడాలని ఒకరు, పంట బాగా పండాలని ఒకరు ఒకే అమ్మవారిని అడిగేవాళ్ళు. నీరు వెనక్కి తీస్తున్న నెల కనుక ఇద్దరి కోరికలూ ఒకేసారి తీరే వీలుండేది. జాతర ఇప్పటికీ జరుగుతోంది. కార్లు గుడి దాకా పోతున్నాయి.

ఇదంతా చదివి అది బంగారు కాలమనుకుంటారేమో. కాదు. నొప్పులు మొదలైన ఆడమనిషిని దోనెలో పడుకోబెట్టి, గాలివానలో ఆసుపత్రికి చేర్చలేక పోగొట్టుకున్న ఇళ్ళు మా బంధువుల్లో ఉన్నాయి. చలిజ్వరం లేని ఏడాది లేదు. ఆరో తరగతి దాటి చదివిన పిల్ల లంకలో కనపడేది కాదు. ఎంత చేప పడినా దళారీ చెప్పిందే ధర, ఎందుకంటే ఏలూరు స్టేషనుకు చేరేలోపు బుట్టలో చేప మెత్తబడేది. అందుకే గట్టు వేసి చేపల్ని పెంచుకోమని ప్రభుత్వం చెప్పినప్పుడు మావయ్య తరం చేతులు జోడించింది. వాళ్ళను ఆ పనికి తప్పుపట్టే హక్కు, పట్నంలో కుళాయి కింద పెరిగిన నాకు లేదు.

గట్ల కథ నిజానికి అంతకు ముందే మొదలైంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక, రెండు వైపుల నుంచీ ఏలూరు కాలవలు వచ్చి ఏలూరు దగ్గర కలిశాయి. తాడేపల్లిగూడెం వడ్లు, బెజవాడ సరుకు ఆ కాలవల మీద పడవల్లో నడిచాయి. సార్వా, దాళ్వా రెండు పంటలకూ డెల్టా పచ్చబడింది. వాడిన నీరంతా, తర్వాతి రోజుల్లో ఎరువులూ మందులూ కలిసిన మురుగంతా డ్రెయిన్ల మీదుగా దిగింది కొల్లేటిలోకే. నీరు పల్లమెరుగు. 1964 వరదల్లో చేలు రోజుల తరబడి మునిగాక, డెల్టా మురుగు సంగతి చూడడానికి ప్రభుత్వం మిత్ర కమిటీని వేసింది. ఉప్పుటేరును లోతు చేయాలి, వంపులు తీయాలి, డ్రెయిన్లు వెడల్పు చేయాలి అన్న మాటలు అప్పటి నుంచీ వింటున్నాను.

1970ల రెండో సగంలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండగా, సరస్సు భూముల్లో మత్స్యకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. మొదట్లో సంఘంలో ప్రతి ఇంటికీ వాటా వచ్చింది. మా అమ్మమ్మ ఊళ్ళో మొదటి పెంకుటిల్లు, మొదటి రేడియో, మొదటి కాలేజీ పిల్లాడు ఆ డబ్బుతోనే. కానీ చెరువుకు పిల్ల కావాలి, మేత కావాలి, మందు కావాలి, ఐసు కావాలి, కలకత్తా దాకా పోయే లారీ కావాలి. పెట్టుబడి లంకలో లేదు. అది బయటి నుంచి వచ్చింది, లీజు రూపంలో. పదేళ్ళు తిరిగేసరికి సంఘం పేరు మీద చెరువు, పట్నం షావుకారు చేతిలో లెక్కలు, సభ్యుడు అదే గట్టు మీద కాపలాదారు. కొర్రమేనును చేత్తో తడిమి తీసిన మనిషి, శీలావతికీ బొచ్చెకూ మేత బస్తాలు మోశాడు. చెరువు పక్కన చెరువు లేచింది. 2004 నాటికి, ఉపగ్రహ చిత్రాలు చూసిన శాస్త్రజ్ఞుల లెక్కన, సరస్సులో దాదాపు 100 చదరపు కిలోమీటర్లు చెరువుల కిందికి పోయాయి. 1967 నాటి పటంలో అక్కడ ఒక్క చెరువు లేదు.

ఆ గట్లు నీటి దారినే కాదు, మనుషుల రాకపోకల్నీ మార్చేశాయి. ఎండాకాలపు మకాం ఆగిపోయింది, దిగడానికి ఖాళీ నేల లేదు. గేదెల మందలు రావడం తగ్గింది. మావులు పెట్టే కాలవమూతులు గట్ల కింద కలిసిపోయాయి, వాటితో పాటు ఊరి వేలమూ పోయింది. వరద వచ్చినప్పుడు పరుచుకునే చోటు లేక నీళ్ళు పై ఊళ్ళ చేల మీదికి ఎగదన్నాయి. అడ్డం లేని గుర్రపుడెక్క కాలవల్ని కప్పేసింది. తాగడానికి ఎండాకాలంలో ట్యాంకర్లు రావడం, తర్వాత డబ్బా నీళ్ళు కొనడం మొదలైంది. చుట్టూ నీరే ఉన్న ఊళ్ళో నీళ్ళు కొనుక్కోవడం మా అమ్మమ్మ చూడలేదు, అదొక్కటే మేలు.

1999 అక్టోబరులో ప్రభుత్వం 5 అడుగుల కాంటూరు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట పొక్లెయిన్లు దిగి గట్లు పగలగొట్టాయి. ఆ నెలల్లో లంకలకు వెళ్ళాను. తెగిన గట్టు మీద కూర్చుని ఏడ్చేవాళ్ళనూ చూశాను, అమ్మయ్య నీళ్ళు కదిలాయన్న ముసలివాళ్ళనూ చూశాను. ఒక్కోచోట ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు. అయినా తర్వాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. కేసులు సుప్రీంకోర్టు దాకా ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు పర్యాటకుడు చూసే కొల్లేరు కైకలూరు పక్కన ఆటపాక. అటవీశాఖ అక్కడ చెరువులో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. చెట్లు చాలని గూడబాతులు వాటి మీద గూళ్ళు కట్టి వందల్లో పిల్లల్ని లేపుతున్నాయి. పడవ ఎక్కి దగ్గరగా చూడొచ్చు, మ్యూజియం ఉంది, బడిపిల్లలు బస్సుల్లో వస్తారు. ఆరేడు విడిచిపోయిన పక్షి, మరో రూపంలోనైనా, కొల్లేటి పక్కకు తిరిగొచ్చింది. సంతోషించవలసిన సంగతే. అయితే ఆరేడులో ఆ పక్షికి కాపలా ఊరు, ఆటపాకలో కాపలా టికెట్టు.

రాజస్థాన్‌లో భరత్‌పూర్ సంగతి ఇక్కడ పనికొస్తుంది. అక్కడి పక్షుల పార్కులో 1982లో పశువుల మేపును నిషేధించారు. పోలీసు కాల్పుల్లో గ్రామస్తులు చనిపోయారు. తర్వాత ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన బొంబాయి సహజ చరిత్ర సంఘం తేల్చిందేమిటంటే, గేదెలు మేయకపోవడంతో గడ్డి పెరిగి నీటిని కమ్మేసి, పక్షులకే ఇబ్బంది అయిందని. మనిషీ పశువూ ఒక పద్ధతిలో తిరిగిన చోట్ల, ఆ తిరుగుడు కూడా ఆ చోటును నిలబెట్టిన పనుల్లో ఒకటి. కొల్లేటిలో కిక్కిస కోసిన కత్తి, మేసిన గేదె, తిరిగిన బాతు, ఖాళీ చేసి పోయిన పాక అలాంటివే.

ఇప్పుడు వాదమంతా అంకె మీద నడుస్తోంది. అభయారణ్యాన్ని 5 అడుగుల నుంచి 3 అడుగులకు తగ్గించమని శాసనసభ 2008లో తీర్మానం చేసింది. తర్వాత వచ్చిన అజీజ్ కమిటీ తగ్గించవద్దంది. 5 అడుగుల లోపల జిరాయితీ పట్టాలున్న రైతులకు న్యాయం జరగాలన్న మాటా నిజమే, పరిహారం ఇవ్వకుండా వాళ్ళ నేలను నీటికి రాసివ్వడం ధర్మం కాదు. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటల్ని ముంచినప్పుడు, ఆ నీళ్ళు చివరికి చేరవలసింది కొల్లేటికే. అది ఏ అంకె దగ్గర ఆగాలో ఎవరూ దానికి చెప్పలేదు. గట్టు వేసినవాళ్ళూ, గట్టు కొట్టినవాళ్ళూ, గీత తగ్గించమన్నవాళ్ళూ అందరూ నీటికి ఒక చోటు ఖాయం చేసి కూర్చోబెట్టాలనే చూశారు. మా పెద్దలు మాత్రం నీటికి నెలవారీగా చోటు విడిచి, తాము సర్దుకున్నారు.

గట్టు లేకుండా పాత పద్ధతిలో వల వేసుకోవడాన్ని అభయారణ్యం కాదనలేదు. అనుమతి కాగితం మీద ఉంది. దానికి కావలసిన తెరిచిన నీరు చాలాచోట్ల లేదు, మావు అల్లే చేతులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఆ జీవితాన్ని తిరిగి తెమ్మని నేను అడగను, లంకల పిల్లలు కూడా ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు. 2022లో కొత్త ఏలూరు జిల్లా వచ్చాక కైకలూరు వైపు, ఏలూరు వైపు కలిసి దాదాపు కొల్లేరంతా ఒకే కలెక్టరు చేతికి వచ్చింది. కాబట్టి అడిగేది చిన్నదే. ఉప్పుటేరు పూడిక తీత, గుర్రపుడెక్క ఏరివేత, పట్టాదారుల పరిహారం, వేసవి మేత, వల హక్కులు వేరువేరు ఫైళ్ళు కాకూడదు. ఏ నెలలో నీరు ఎక్కడిదాకా వస్తుందో, ఏ నెలలో ఎవరు ఎక్కడిదాకా దిగొచ్చో లంకల పెద్దల్ని కూర్చోబెట్టి ఏడాది పట్టిక ఒకటి రాయించాలి. ఆ పట్టిక చదువురాని మా మావయ్యకు నోటికి వచ్చు. ఆయన వయసువాళ్ళు ఇంకా కొందరు మిగిలే ఉన్నారు, అడిగితే చెబుతారు.